పెదవి మీద పొక్కు, బారసాలలో ముద్దు



ఎండలు ముదిరితే చాలు, మన యానాంలో ఎవరో ఒకరి పెదవి అంచున నీటి పొక్కుల గుత్తి కనబడుతుంది. అడిగితే "వేడి చేసిందండీ" అంటారు. కొందరు రాత్రి బల్లి ముట్టిందంటారు. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. అక్కడ ఒంటి మీద పొక్కులు లేస్తే 'అక్కి' అని, కుమ్మరి చేత కావితో బొమ్మలు రాయించేవారు. తెలుగులోనూ అదే మాట, అదే వైద్యం. ఆ అక్కి చాలాసార్లు ఈ పెదవి పొక్కుకు దాయాది వరసయ్యే వైరస్ వల్లే వస్తుంది.

పెదవి పొక్కుకు కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్ళలోపు వాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి ఇందులో ఒకటో రకం ఉంది. చాలామందికి చిన్నతనంలోనే, పెద్దల ముద్దుల ద్వారా అంటుకుంటుంది. ఆ తర్వాత ముఖం నరాల్లో దాక్కుని ఎండకో, జ్వరానికో, బెంగకో మళ్ళీ లేస్తుంది. కాబట్టి వేడి అన్న మాట సగం నిజం. వేడి దాన్ని లేపుతుంది, పుట్టించదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

దీనికి మందుల షాపులో దొరికేది అసైక్లోవిర్ 5 శాతం క్రీము. ఈ మందు తయారీ వెనకున్న శాస్త్రవేత్తల్లో ఒకరైన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. అలాగని మహత్తేమీ ఆశించవద్దు. మామూలుగా వారం, పది రోజుల్లో తగ్గేది అరరోజో, ఒక రోజో ముందు తగ్గుతుంది. అదైనా పెదవి జివ్వుమన్న మొదటి గంటల్లోనే మొదలుపెడితే. రోజుకు 5 సార్లు, సుమారు 4 గంటలకోసారి, 5 రోజులు రాయాలి. రాసే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. పక్కు కట్టాక రాయడమంటే బండి కదిలిపోయాక టికెట్టు కొనడమే. అలాంటివాళ్ళను కౌంటర్లో చాలామందిని చూశాం. అందుకే తరచూ పొక్కులు వచ్చేవాళ్ళు ట్యూబు ముందే ఇంట్లో ఉంచుకోవాలని మా అభిప్రాయం.

అయితే ఏ ట్యూబు? మా ఇంటి పిల్లాడు పొక్కు చూపించి మందు అడిగితే, ఒక షాపులో స్టెరాయిడ్ కలిపిన దురద క్రీము చేతిలో పెట్టారు. అట్ట మీద మందు పేరు చదివి వెనక్కిచ్చేశాం. స్టెరాయిడ్ ఎరుపును తగ్గించినట్టు చూపిస్తుంది కానీ ఒంటి కాపలాను నిద్రపుచ్చుతుంది. వైరస్‌కు కావలసింది అదే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది ఊరికే కాదు. "పొక్కుకు ఏదో ఒకటి ఇవ్వండి" అనకండి. అసైక్లోవిర్ అని పేరు పెట్టి అడగండి.

కన్ను ఎర్రబడి నొప్పెట్టినా, పొక్కు పది రోజులు దాటినా, కేన్సరు మందుల్లాంటివి వాడుతూ ఒంట్లో నిరోధకశక్తి తగ్గినా ట్యూబును నమ్ముకోవద్దు. మన ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. కంట్లోకి వెళ్తే ఇదే వైరస్ చూపు తీసేయగలదు.

అన్నిటికన్నా ముఖ్యం పసిబిడ్డలు. పుట్టిన మొదటి వారాల్లో ఈ వైరస్ సోకడం అరుదు. కానీ సోకితే ప్రాణం మీదకొస్తుంది. మన బారసాలలు పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో. సరిగ్గా ఆ రోజుల్లోనే బిడ్డ పదిమంది చేతులు మారుతుంది, ప్రతివారూ ముద్దు పెడతారు. క్రీము రాసుకున్నా సరే, పక్కు రాలి చర్మం మానేదాకా పొక్కు అంటుతుంది. "రాసుకున్నానులే" అన్న ధీమా పనికిరాదు.

మన సంఘంలో ఒక మాట అనుకుందాం. పెదవి మీద పొక్కున్నవాళ్ళు బిడ్డను ఎత్తుకోవద్దు, ముద్దాడవద్దు. అది మేనమామైనా, నాయనమ్మైనా. ఇంటివాళ్ళు ఆ మాట చెబితే అవమానంగా తీసుకోవద్దు. నాలుగడుగుల దూరం నుంచి అక్షింతలు వేసినంత మాత్రాన ఆశీర్వాదం తక్కువైపోదు.