బిజినెస్ అనలిస్టు కొలువుకు మన పిల్లలు ఏం చదవాలి?

నారాయణఖేడ్‌లో మా వాడకట్టు పిల్లగాడొకడు నా దగ్గర తొమ్మిది, పది చదివిండు. అమ్మానాయిన యేటా చెరుకు కొట్టబోయేటోళ్లు. వాడు బీకాం పాసై పట్నం పోయి, అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌కు అప్పు తెచ్చిన ముప్పై వేలు కట్టి, మూడు నెలలకు సంచెడు జిరాక్స్ కాగితాలతో తిరిగొచ్చిండు. "సార్, ఇంటర్వ్యూల ఫంక్షనల్, నాన్ ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్ల తేడా అడిగితే గడగడ చెప్పిన. ఆ తేడా ఎందుకు పెట్టుకోవాలె అంటే నోరు పెగలలే" అన్నడు. ఏం పుస్తకాలు చదవాలో చెప్పమన్నడు. నాకూ తెలియదు. సాంఘిక శాస్త్రం చెప్పే పంతులుకు ఈ సంగతులు ఎట్ల తెలుస్తయి? ఎండాకాలం సెలవుల్లో పుస్తకాలు తెప్పించి ముందర నేనే కూర్చొని చదివిన. తెలుగు మీడియం వాణ్ని, మొదట్లో పేజీకి గంట పట్టింది.

చదివినాక అర్థమైంది ఇది. తహసీల్ ఆఫీసు ముందర దరఖాస్తులు రాసే మనిషిని చూసినం గదా. ముసలమ్మ వచ్చి కొడుకు కథ, కోడలు కథ, గట్టు పంచాయితీ అంతా చెబుతుంది. ఆయన మధ్యమధ్య నాలుగు ప్రశ్నలేసి, అసలు ఆమెకు కావలసిందేదో పట్టుకొని, సార్లకు అర్థమయ్యే భాషలో రాసిస్తడు. బ్యాంకుకో, కంపెనీకో, సర్కారు ఆఫీసుకో కొత్త కంప్యూటర్ ఏర్పాటు కావాల్సినప్పుడు ప్రోగ్రాం రాసేవాళ్ల కోసం ఆ పని చేసేవాడే బిజినెస్ అనలిస్టు. పేరు పెద్దది, పని మనకు ఎరుకలేనిది కాదు.

కోచింగ్ వాళ్లందరూ మొదట చేతిలో పెట్టేది బాబోక్ అనే గ్రంథం. కెనడాలోని టొరంటోలో 2003లో పుట్టిన ఐఐబీఏ సంస్థ తెచ్చింది. మూడో కూర్పు 2015లో వచ్చింది. ఆరు విజ్ఞాన రంగాలు, యాభై పద్ధతులు. కొత్తోనికి దాన్ని ముందుగా ఇవ్వడం తప్పని నా అభిప్రాయం. అది నిఘంటువు లాంటిది. నిఘంటువు కంఠస్థం చేసి భాష నేర్చినోడు ఎవడైనా ఉన్నడా? సర్టిఫికెట్ పరీక్షకు కూర్చునే నాడు చదువుకోవచ్చు.

మొదటి పుస్తకంగా నేను చెప్పేది డొనాల్డ్ గాస్, జెరాల్డ్ వైన్‌బర్గ్ 1982లో రాసిన 'ఆర్ యువర్ లైట్స్ ఆన్?' చిన్న పుస్తకం, బొమ్మలున్నయి, నవ్విస్తది. ఎత్తైన మేడలో లిఫ్టు ఆలస్యమని అందరూ మొత్తుకునే కథతో మొదలైతది. అసలు ఈ సమస్య ఎవరిది అని అడగడం దాంట్లో నేర్పుతరు. తర్వాత కార్ల్ వీగర్స్ 'సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్' పట్టుకోవాలె. 1999లో మొదటిసారి అచ్చయింది. 2013 నాటి మూడో కూర్పులో జాయ్ బీటీ కూడా రచయిత. ఆరువందల పేజీలకు పైనే, భయపడొద్దు, పనిచేస్తూ అవసరమైన అధ్యాయం చూసుకుంటూ పోవచ్చు. వాడేవాళ్లందరినీ ఒకే మూటగా కట్టొద్దు, తరగతులుగా చూసి ప్రతి తరగతి నుంచీ మాట్లాడే మనిషిని పట్టుకోవాలె అని చెబుతడు. మా పిల్లగాడికి చిక్కిన ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే దొరికింది. భూమి రిజిస్ట్రేషన్ కావాలె అన్నది ఫంక్షనల్. సిగ్నల్ సరిగా అందని తండాలో, చదువురాని మనిషి కూడా వాడుకునేటట్టు ఉండాలె అన్నది నాన్ ఫంక్షనల్. రెండోది విడిగా రాయకపోతే ఎవరికీ గుర్తుండదు. తేడా పెట్టుకునేది అందుకే.

ఈ జాబితాలో ఎవరూ చేర్చని రచన ఒకటి నేను చేరుస్తున్న. బాబాసాహెబ్ 1918లో రాసిన 'భారతదేశంలో చిన్న కమతాలు - వాటికి పరిష్కారాలు'. ఆయన రచనలు, ప్రసంగాల మొదటి సంపుటంలో ఉంది. కమతాలు చిన్నవైనయి, కలిపి పెద్దవి చేయాలె అని అప్పటి పండితులు, కమిటీలు అన్నరు. ఆయన ఆ మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. కమతం చిన్నదా పెద్దదా అన్నది దానిమీద పెట్టే పెట్టుబడి, పనిముట్లను బట్టి ఉంటది, అసలు జబ్బు పనిలేక సేద్యం మీదే పడి ఉన్న జనం, మందు పరిశ్రమలు అన్నడు. అడిగినోడు చెప్పిన సమస్యకు, ఉన్న సమస్యకు తేడా పట్టుకోవడమంటే ఇదే. షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే వ్యాపారం బొంబాయిలో పెట్టి, కులం తెలిసి ఖాతాదారులు రాకపోతే మూసుకున్నది కూడా ఆయనే. సలహా మంచిదైనా, చెప్పే నోరెవరిదని చూసే లోకమిది. మన పిల్లలు ఆ సంగతీ తెలిసే కొలువులోకి పోవాలె.

మా సంఘంలో కొందరు పెద్దలు "ఇవి కంపెనీ చదువులు, మనకెందుకన్నా" అంటున్నరు. నేనొప్పుకోను. 2020 అక్టోబర్ 29న ధరణి మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒక్కపూటలో అయితయన్నరు, నిజంగా కొందరికి అయినయి. కానీ పాత పహాణీలో ఉన్న అనుభవదారు గడి దాంట్లో లేదు. పట్టా ఒకరిదైతే దున్నేది ఇంకొకరైన చోట, దున్నేటోడు రికార్డులో మనిషే కాకుండా పోయిండు. పేరో విస్తీర్ణమో తప్పుపడితే దిద్దేందుకు తర్వాత తర్వాత మాడ్యూళ్లు చేర్చుకుంటూ పోయినరు. టీఎం-33 అన్న మాట ఊళ్లల్లో ముసలోళ్ల నోట కూడా వినబడింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ వచ్చింది. ఈ నడుమ ఆఫీసుల చుట్టూ తిరిగిన కూలిరోజులకు లెక్కెవరు కట్టిన్రు?

ఆ గడి ఉండాలె అని కాగితం మీద రాయవలసిన రోజున ఆ బల్ల దగ్గర కౌలుదారు ఇంట్లో పుట్టినోడు ఒక్కడు కూర్చొని ఉంటే అడుగుతుండె అని నా నమ్మకం. బాబోక్‌లో ఒక పట్టిక ఉంటది. పలుకుబడి ఒక పక్క, పడే ప్రభావం ఒక పక్క. పలుకుబడి తక్కువ, ప్రభావం ఎక్కువ అన్న గడిలో ఎవరి పేర్లు రాయాలో మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వీగర్స్ పుస్తకం ఇప్పుడు ఆ పిల్లగాడి దగ్గరే ఉంది. రెండో ఇంటర్వ్యూ అయినంక ఇస్తనన్నడు. ఖేడ్, కంగ్టి, మనూరు దిక్కు పిల్లలెవరికైనా కావాలంటే బడికొచ్చి నన్ను అడగండి, వరుసలో పేరు రాసుకుంట. చిన్నపుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది, రేపే తీసుకపోవచ్చు.