బీరువాలో పుస్తకాలు ఎవరి కోసం?



పోయిన వార్షికోత్సవానికి మేము కొందరం చందాలు వేసుకొని హాస్టల్‌కు పుస్తకాలు కొనిచ్చాము. జీకే, కరెంట్ అఫైర్స్, మహనీయుల జీవిత చరిత్రలు. ఈసారి బీరువా తెరిస్తే సగం పుస్తకాలు ఎవరూ ముట్టినట్టు లేవు. "మనోళ్లకు చదివే అలవాటు లేదు" అని మాలో ఒకరన్నారు. తప్పు మాదే. మేము చదవాలనుకున్నవి కొన్నాము, వాళ్లు చదవగలిగినవి కాదు.

మన దగ్గర చిన్న తరగతుల నుంచి పదో తరగతి దాకా ఒకే హాలులో కూర్చుంటారు. గద్వాల వైపు పత్తి విత్తన చేలలో క్రాసింగ్‌కు పోయి నెలల తరబడి బడి మానినవాడుంటాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్ల నుంచి అమ్మానాన్నలతో ముంబై, పుణె వలసపోయి వచ్చినవాడుంటాడు. రిజిస్టరులో ఏడో తరగతే, చదువు మాత్రం ఒత్తుల దగ్గర ఆగి ఉంటుంది. వాడి ముందు 'కిరణజన్య సంయోగక్రియ' పెడితే నోరు తిరుగుతుందా? మా ఇండ్లలో డిగ్రీ చూసింది మేమే మొదలు. మాలోనూ పేరా చదవమంటే దగ్గు నటించినవాళ్లు ఉన్నారు.

ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో తరగతి అడిగి ఊరుకోరు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ, వీటిలో ఏది చదవగలడో పక్కన కూర్చొని చూస్తారు. 2022లో మన రాష్ట్రంలో మొదలైన తొలిమెట్టు కూడా ఆ ఆలోచనే, కాని అది ఐదో తరగతి వరకే. మనవాళ్లలో ఎక్కువమంది అది దాటినవాళ్లు.

అట్లని ఏడో తరగతి వానికి ఒకటో తరగతి వాచకం ఇస్తే తోటివాళ్లు నవ్వుతారు. వాడు మళ్లీ పుస్తకం పట్టడు. వానికి పత్తి ధర తెలుసు, ఇంటి అప్పు తెలుసు. కావలసింది చిన్న వాక్యాల్లో పెద్ద సంగతులు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి. స్థాయి అంకె కనబడకుండా ప్రింటు తీయించుకుందాం. అయితే అందులో చాలా వరకు చిన్నపిల్లల కథలే. జూరాల గేట్లు ఎత్తిన రోజు గురించి, వలస బస్సు గురించి సులువైన తెలుగులో మన గోడపత్రికకు మనమే రాయాలి.

పుస్తకం ఇచ్చే ముందు ఒక పేజీ చదివించండి. ఐదు మాటల దగ్గర ఆగితే అది ఇప్పటికి బరువు. ఒక్కచోటా ఆగకపోతే ఇంకో మెట్టు ఎక్కించండి. నలుగురి ముందు మాత్రం వద్దు.

ఈ ఏటి చందా ఇంకా ఖర్చు చేయలేదు. వచ్చే ఆదివారం వట్టి చేతులతోనే వస్తాము. ఒక్కొక్కరి పక్కన కూర్చొని విన్నాకే కొంటాము.