కంచె మీద కొత్త తీగ

తొలకరి పడగానే ఖరగ్‌పూర్ ఎర్రనేల మీద రైల్వే క్వార్టర్ల కంచెలన్నీ పచ్చబడతాయి. గత శ్రావణంలో మా పెరటి కంచెకు ఎన్నడూ చూడని తీగ ఒకటి అల్లుకున్నది. పక్కింటి కుర్రవాడు దాని మొదలు త్రవ్వి ఒక దుంప తెచ్చాడు. "పిన్నిగారూ, ఇది పెండలమేనా? ఉడకబెట్టుకోవచ్చునా?"

అడగడమే అతని అదృష్టం.

శ్రీకాకుళం నుండి వచ్చి ఇక్కడే స్థిరపడిన మామ్మగారు చూచి, "నాభి నాయనా! చేతులు కడుక్కో" అన్నారు. ఎదురింటి బెంగాలీ మాస్టారు 'బిషలాంగులి' అన్నారు. బీహారు నుండి వచ్చిన గార్డుగారు 'కలిహారీ' అన్నారు. చిక్కు అంతటితో తీరలేదు. హిమాలయాలలో పెరిగే వత్సనాభిని కూడా తెలుగులో నాభి అనే అంటారు. అది వేరే మొక్క, వేరే విషం. పేరొక్కటే వింటే వైద్యుడు సైతం పొరబడవచ్చు.

అందుచేత లక్షణాలు చూశాం. ఈ తీగకు ఆకు కొనయే సన్నని నులితీగగా మారి ఆధారాన్ని చుట్టుకుంటుంది. పెండలానికి ఆ కొన ఉండదు. దుంప నాగలివలె వంగి ఉన్నది. సంస్కృతంలో లాంగలి అనడం అందుకే. పది రోజులకు పువ్వు విచ్చింది. పైకెగసిన ఆరు రేకులు, ముడతల అంచులు, పసుపులో నుండి ఎరుపుకు తిరిగే రంగు. అగ్నిశిఖ! 1753లో లినేయస్ దీనికి పెట్టిన పేరు గ్లోరియోసా సుపర్బా.

దుంపలో కాల్చిసిన్ అనే విషం ఉన్నది. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తరువాత ఎముకలలోని మూలుగ దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. గౌటు వ్యాధికి వైద్యులు అతి స్వల్ప మోతాదులో ఇచ్చే మందు కూడా ఈ కాల్చిసినే.

మామ్మగారిని అడగడం శాస్త్రానికి చిన్నతనమేమీ కాదు. 1781లో సామర్లకోటకు వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ మొక్కల వర్ణనలతోపాటు తెలుగు పేర్లు కూడా వ్రాసి పెట్టాడు. మన చండ్ర చెట్టుకు ఆయన ఇచ్చిన శాస్త్రనామంలోని 'సుండ్ర' తెలుగు మాటే. 1793లో ఆయన హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్ ఉద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. (రైలు లేని రోజులలోనే తెలుగు మాటలు బెంగాలుకు చేరాయన్నమాట!) నేడు అక్కడి జాతీయ హెర్బేరియంలో సుమారు 20 లక్షల ఎండు నమూనాలు ఉన్నాయి.

అయితే ఒక్క ఆకు తుంచి తీసుకుపోతే ఏ పండితుడూ చెప్పలేడు. పువ్వు, వీలైతే కాయ, ఆకులతో కూడిన కొమ్మ కావాలి. వాటిని వార్తాపత్రికల నడుమ బరువు పెట్టి ఆరబెట్టాలి. దొరికిన చోటు, తేదీ, నేల తీరు వ్రాయాలి. పువ్వు రంగు అప్పటికప్పుడే వ్రాసుకోవాలి. ఎండిన తరువాత అది నిలవదు.

కుర్రవాడు అలాగే చేశాడు. కాగితం అడుగున మూడు భాషల పేర్లూ వ్రాసి, మామ్మగారు చెప్పినదాన్ని మొదట ఉంచాడు. తీగను మాత్రం పీకనివ్వలేదు. కంచెకు ఒక అట్ట కట్టి, 'విషం' అని మూడు లిపులలోనూ వ్రాశాడు.