జూన్ నెల బిడ్డలు

కాలేజీలో చేరికల పని ప్రతి ఏటా తెలుగు లెక్చరరు నెత్తినే ఎందుకు పడుతుందో గాని, ఆ కాగితాల కట్టలు ముందు వేసుకుని కూర్చుంటే జూన్ నెల మహత్యం తెలిసివస్తుంది. పిల్లల పత్రాలలో ఇప్పుడు కొంత తగ్గింది. వెంట వచ్చిన తల్లిదండ్రుల కార్డులు చూడండి: జూన్ ఒకటి, జూన్ అయిదు, జూన్ పది. ఇవి నమ్మి లెక్క కట్టే పరదేశి పండితుడెవరైనా ఉంటే, బాన్సువాడ జనమంతా రోహిణి, మృగశిర కార్తెల్లోనే భూమ్మీద పడ్డారని గ్రంథం రాసేయగలడు.

కారణం మీకు తెలిసిందే. బడులు తెరిచేది జూన్‌లో. పుట్టిన తేదీ ఏదయ్యా అంటే తండ్రి "కోతలప్పుడు సార్" అనేవాడు. ఆ కోతలు ఏ సంవత్సరానివో వెతుక్కుంటూ కూర్చోక, పిల్లవాడి కుడిచెయ్యి తలమీదుగా ఎడమ చెవికి అందుతుందో లేదో చూసి, పంతులుగారు జూన్‌లో ఒక తేదీ వేసేవారు. మా అమ్మ లెక్క ప్రకారం నేను నరకచతుర్దశి తెల్లవారుజామున పుట్టాను. సర్కారు లెక్కలో అదే ఏడు జూన్‌లో! అంటే ఉద్యోగం అయిదు నెలలు ముందుగా వదలాలి. ఒక్క కలంపోటుకు అయిదు నెలల జీతం పోయింది.

జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. 2023లో దాన్ని సవరించి, ఆ ఏడు అక్టోబరు 1 నుంచి పుట్టినవారు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారమన్నారు. ఆ పిల్లలు పలకా బలపం పట్టేనాటికి జూన్ ప్రాభవం తగ్గిపోతుంది.

మరి నిజానికి బిడ్డలు ఎక్కువగా ఏ నెలల్లో పుడతారు? పన్నెండు నెలలూ సమానమే కదా అనిపిస్తుంది. కాదు. ఫ్రాన్సులో విలెర్మే అనే వైద్యుడు 1831 నాటికే జననాల లెక్కలు తీసి, తొమ్మిది నెలలు వెనక్కి నడిచి, గర్భధారణకూ ఋతువులకూ ఉన్న సంబంధం పరిశీలించాడు. మన దేశంలో మొత్తంమీద కాన్పులు ఎక్కువయ్యేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. తక్కువయ్యేది శివరాత్రి నాటినుంచి వేసవి దాకా. తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టండి. చలికాలం ఎక్కువ, ఎండాకాలం తక్కువ. వేడి పురుషబీజాన్ని దెబ్బతీస్తుందన్నది వైద్యులు చెప్పేమాట. అమెరికాలో లాం, మిరన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు ఎండలు ముదిరిన నెలకు సరిగా తొమ్మిది నెలల తర్వాత జననాలు తగ్గుతాయనీ, దక్షిణాది రాష్ట్రాల్లో ఈ తగ్గుదల మరీ స్పష్టమనీ చూపారు.

ఇక్కడ మీలో కొందరికి ఆషాఢం గుర్తుకు వచ్చే ఉంటుంది. కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలి, అల్లుడు అత్తవారి గడప తొక్కరాదు. ఆషాఢంలో కడుపు పండితే చైత్ర వైశాఖాల్లో పురుడు వస్తుంది, ఆ ఎండలకు తల్లీ పిల్లా ఇద్దరూ తాళలేరు అని పెద్దల లెక్క. లెక్క తప్పు కాదు. కాళిదాసు యక్షుడు ఆషాఢం మొదటిరోజు మబ్బును చూసి బెంగపడ్డాడంటే మా పిల్లలు ముసిముసిగా నవ్వేది ఇందుకే. అయితే ఈ కట్టుబాటు పెళ్లయిన మొదటి ఏటికే పరిమితం గనుక, దేశం మొత్తంమీద జననాలు తగ్గడం దీని పని కాదు. అది సూర్యభగవానుడి పని.

మా ప్రాంతంలో ఇంకొక చిక్కుంది. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో దుబాయికో సౌదీకో పోయినవారు లేని వాడ అరుదు. ఆ ఇళ్లలో యజమాని ఎప్పుడు సెలవు పెట్టి వస్తే అదే వసంతం. ఇక ముహూర్తాల సంగతి: 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతలే. దేశంలోకెల్లా ఎక్కువ. అమావాస్య తప్పించి దశమికి జరుపుకోవచ్చు గాని, భాద్రపదం బిడ్డను మాఘానికి జరపడం ఏ జ్యోతిష్కుడి తరమూ కాదు.

జననాలు వానాకాలం చివర ఎక్కువంటే దానివెనక ఉన్నదేమిటో ఆలోచించారా? మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో ఈ చుట్టుపక్కలంతా వరి మయం. నాట్లు జూలై, ఆగస్టుల్లో. రోజంతా మోకాలిలోతు బురదలో నడుం వంచి వేసే నాటు. మాకు పాలుపోసే అవ్వను అడిగితే ఆమె తన లెక్క ఇట్లా చెప్పింది:

"నాట్లప్పుడు ఏడు నెలలు, కలుపులప్పుడు తొమ్మిది, కోతలప్పుడు సంకల పిల్ల. నా నలుగురూ గట్లనే పుట్టిండ్రు సారూ. మందికి పనుంటదని కడుపు ఆగుతదా?"

నాలుగు ముక్కల్లో ఇంతకన్న ఏ గణాంక శాస్త్రజ్ఞుడు చెప్పగలడు? ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లబడే నెలలూ, ఒళ్లు బరువెక్కే నెలలూ ఒక్కటే. 2017లో వచ్చిన కె.సి.ఆర్. కిట్ పథకం కింద సర్కారు దవాఖానలో కాన్పయితే మగపిల్లవాడికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు చొప్పున విడతలుగా ఇచ్చింది పోయిన కూలికి బదులుగానే. మంచి ఆలోచనే. కాని ఆ సొమ్ము నెల చూసేది కాదు. మే నెలలో కూర్చుంటే పోయే కూలి వేరు, నాట్లలో కూర్చుంటే పోయే కూలి వేరు. పైగా జ్వరాలు పట్టే కాలమూ అదే. కాన్పుల వార్డూ జ్వరాల వార్డూ ఒకేసారి నిండుతుంటే డాక్టర్లు, నర్సుల సెలవులూ బదిలీలూ ఏ నెలలో పెట్టుకోవాలో జనన రిజిస్టరు నెలవారీగా తిరగేస్తే తెలిసిపోతుంది. ఆ పని చేయడానికి ఒక గుమాస్తా, ఒక పూట చాలు.

ఈ వారం నాట్లు మొదలయ్యాయి. ఎకరానికింత అని గుత్త మాట్లాడుకుని ఆడవాళ్లు గుంపులుగా దిగుతున్నారు. గుత్తలో ఒకరి చెయ్యి వెనకబడితే అందరి వాటా తగ్గుతుంది గనుక, నిండు నెలలదాన్ని రమ్మనడానికి వాళ్లకూ మొగమాటం, రావద్దనడానికీ మొగమాటం. అవ్వ మనుమరాలికి ఇప్పుడు ఏడో నెల. "ఇంకో పది రోజులు పోత అంటది పోరి" అంటూ అవ్వ పాలచెంబు నా చేతికిచ్చింది.