బబులోనుకు వచ్చిన ఉత్తరము

(వేదపఠనము. ఈ మాసపు ధ్యానభాగము: యిర్మీయా గ్రంథము, 29వ అధ్యాయము)



మన తెలుగు సంఘములలో సంవత్సరాంతపు రాత్రి ఆరాధనయందు వాగ్దానపు కార్డులు పంచిపెట్టు వాడుక కలదు. ఒక్కొక్కరు ఒక్కొక్క కార్డు అందుకొని, దానిమీది వచనమును ఆ సంవత్సరమునకు దేవుడు తమకిచ్చిన మాటగా నెంచి, ఇంటికి కొనిపోయి బైబిలులో దాచుకొందురు. కొందఱు గోడకు తగిలింతురు. ఇప్పుడు ప్రతి ఉదయమున ఫోనులలో గూడ పూలచిత్రముతో నొక వచనము వచ్చుచున్నది. ఈ వాడుకను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. దినమున కొక్క వాక్యమైనను కన్నులయెదుట నుండుట మేలే గదా.

అట్టి కార్డులలో తఱచుగా కనబడు వచనములలో యిర్మీయా 29వ అధ్యాయము 11వ వచన మొకటి. దేవుడు తన ప్రజలనుగూర్చి తలంచునది కీడు కాదు, క్షేమమే. వారి రాబోవు కాలమునకు ఆయన నిరీక్షణ నుంచియున్నాడు, అనునది దాని భావము. ఈ వచనము చేత బట్టుకొనిన సోదరి యేమి తలంచును? ఈ యేడు కుమార్తె వివాహము కుదురుననియో, పెనిమిటికి పని దొరకుననియో, అప్పు తీరుననియో, ఒడి నిండుననియో తలంచును. ఎండకాలము గడచును, వానలు వచ్చును, మరల క్రిస్మసు సమీపించును. ఇంటి స్థితి యెట్లుండెనో అట్లే యుండును. అప్పు డామె హృదయములో రెండు తలంపులలో నొకటి పుట్టును. దేవుడు మాట తప్పెనని యొకటి. నా విశ్వాసము చాలలేదు, నాయందే యేదో దోషమున్నదని రెండవది. మొదటిది నోట పలుకుటకు వెఱచి, రెండవదానిని లోలోపల మోయుచు క్రుంగిపోవు సోదరీమణులు మన సంఘములలో ననేకులు. వారి నిమిత్తమే ఈ మాసము ఈ భాగము నెన్నుకొంటిమి.

ఈ వచన మొక ఉత్తరములోనిది. దూరదేశమున నున్న కుమారునియొద్దనుండి ఉత్తరము వచ్చినయెడల, నడుమనున్న యొక్క పంక్తి చదివి మడిచిపెట్టు తల్లి యుండునా? ఎప్పుడు వ్రాసెను, ఎవరు తెచ్చిరి, మొదట నేమి, తుద నేమి యని పదిమార్లు చదువును. ఈ యుత్తరమును గూడ మన మట్లు చదువుదము.

క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్రెజరు యెరూషలేమును పట్టుకొని, యౌవనుడైన రాజు యెకొన్యాను, అతని తల్లిని, భార్యలను, అధికారులను, కంసాలులను, కమ్మరులను చెఱగొనిపోయెను. పదివేలమంది పోయిరని రాజుల రెండవ గ్రంథము చెప్పుచున్నది. ఆ ప్రయాణ మెంత దీర్ఘమైనదో తెలియవలెనన్న ఎజ్రా గ్రంథము 7వ అధ్యాయము చూడుడు. తరువాతి కాలమున బబులోనునుండి యెరూషలేము చేరుటకు ఎజ్రాకు నాలుగు నెలలు పట్టెను. అంత దూరము చంటిబిడ్డలతో, ముసలివారితో నడిచిపోయిన కుటుంబములవి. తెలియని భాష, తెలియని దేవతలు, పరాయి నేల. అట్టివారికి ప్రవక్తయైన యిర్మీయా యెరూషలేమునుండి వ్రాసిన యుత్తర మిది. సిద్కియా రాజు బబులోనునకు పంపిన ఎల్యాశా, గెమర్యా అనువారు దీనిని తీసికొనిపోయిరి.

ఆ దినములలో వారి చెవులలో మఱియొక మాట మ్రోగుచుండెను. దానికి ముందరి అధ్యాయములో హనన్యా యను ప్రవక్త దేవాలయమున జనులందఱి యెదుట నిలిచి, రెండేండ్లలో చెఱ తీరుననియు, రాజు తిరిగి వచ్చుననియు, కొనిపోబడిన దేవాలయోపకరణములన్నియు మరల వచ్చుననియు ప్రకటించెను. యిర్మీయా గురుతుగా మెడమీద మోయుచుండిన కాడిని తీసి విఱుగగొట్టెను. ఆ మాట వినుట కెంత హాయి! యిర్మీయా గూడ మొదట ఆమేన్ అనెను. అట్లే జరుగునుగాక యని కోరెను. తన జనుల శ్రమ చూచి సంతోషించువాడు కాడు గదా ఆయన. కాని దేవు డా మాట పలుకలేదు. ఆశగొనిన హృదయమునకు ఇంపుగా నుండు మాట యెల్ల దేవుని మాట కాదని ఇచ్చట మనము నేర్చుకొనవలెను.

ఇక ఉత్తరము విప్పుదము. చెఱలో నున్నవారికి మొదట నేమి చెప్పబడెను? ఓర్చుకొనుడని కాదు, ఏడ్చుచుండుడని కాదు, పారిపోవుడని కాదు. ఇండ్లు కట్టుకొని కాపురముండుడు, తోటలు నాటి వాటి ఫలములు తినుడు, పెండ్లిండ్లు చేసికొనుడు, బిడ్డలను కని వారికిని పెండ్లిండ్లు చేయుడు, మీరు తగ్గిపోక అక్కడ వృద్ధిపొందుడు అని చెప్పబడెను. సోదరీమణులారా, ఈ యాజ్ఞలను మరల నొకసారి చూడుడు. ఇల్లు, పెరడు, వంట, పిల్లలు, పెండ్లి! ఒక జనమంతయు కూలిపోయి దిక్కుతోచక యున్న వేళ దేవుడు పంపిన యుత్తరములో మొదటి మాటలు మన చేతిపనులనుగూర్చినవే. ఇంటి పని ఆత్మసంబంధమైనది కాదని యెవరైన ననినయెడల, వారికి ఈ అధ్యాయము 5, 6 వచనములు చూపుడు.

తోట నాటుట యనగా నేమి? పాదు చేసి విత్తనము వేసినవాడు రేపే ఊరు విడిచిపోవువాడు కాడు. హనన్యా మాట నమ్మినవారు మూటలు విప్పక, గోడ కట్టక, బిడ్డకు పెండ్లి చేయక, రెండేండ్లను లెక్కించుచు కూర్చుందురు. మనలో ననేకుల బ్రదుకిట్లే గడచుచున్నది. ఈ కష్టము తీరిన పిమ్మట ప్రార్థన క్రమముగా చేసికొందును, సొంత ఇల్లు వచ్చిన పిమ్మట పిల్లలకు వాక్యము నేర్పుదును, అత్తగారి యింటనుండి వేరుపడిన పిమ్మట సంతోషముగా నుందును అని దినములను వాయిదా వేయుచుందుము. ఉన్నచోటనే పాదు చేయుమని దేవుడు చెప్పుచున్నాడు.

పిమ్మట 7వ వచనము మఱింత కఠినమైనది. తమ్మును చెఱపట్టిన పట్టణముయొక్క క్షేమమును కోరవలెను, దానికొఱకు ప్రార్థన చేయవలెను. దాని క్షేమములోనే వారి క్షేమమున్నది. పొరుగూరికి కాపురమునకు పోయిన పిల్ల, పెనిమిటి ఉద్యోగమునుబట్టి హైదరాబాదునకో బెంగుళూరునకో సముద్రము దాటియో పోయిన ఇల్లాలు ఈ మాట నెఱుగవలెను. పుట్టినింటిని తలంచుకొని కన్నీరు కార్చుట తప్పు కాదు. బబులోను నదులయొద్ద కూర్చుండి సీయోనును తలంచుకొని యేడ్చినవారి గీతము, సితారాలను చెట్లకు తగిలించినవారి గీతము, 137వ కీర్తనగా మన బైబిలులోనే యున్నది. దేవుడు ఆ కన్నీటిని గ్రంథములోనుండి కొట్టివేయలేదు. కాని ఏడ్చిన కన్నులతోనే పెరటికి నీరు పోయవలెను, ప్రక్కయింటివారి బిడ్డ జ్వరముకొఱకు ప్రార్థింపవలెను.

ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలసియున్నది. నెమ్మదిగా నుండుట యనగా కీడును మేలనుట కాదు. ఇదే యుత్తరము తుదిభాగమున, బబులోనులో ప్రవక్తలమని చెప్పుకొనుచు పొరుగువారి భార్యలతో చెడునడత నడచిన ఇద్దఱు పురుషులపై దేవుని తీర్పు వ్రాయబడియున్నది. నేనే యెఱుగుదును, నేనే సాక్షిని అనునట్లు దేవుడు పలికెను. కావున నింట దెబ్బలు తినుచున్న సోదరికి ఓర్పు నేర్పుటకు ఎవరును ఈ అధ్యాయము నుపయోగింపకూడదు. తోట నాటుమని చెప్పిన దేవుడే మూసిన తలుపుల వెనుక జరుగు పాపమును చూచుచున్నాడు. అట్టి సోదరి నమ్మదగినవారితో చెప్పి సహాయము పొందుట అవిశ్వాసము కాదు.

ఇప్పుడు మన కార్డుమీది వచనమునకు వత్తము. దానికి ముందరి 10వ వచనములో డెబ్బది సంవత్సరములని యున్నది. డెబ్బది! ముప్పదియేండ్ల తల్లి ఈ యుత్తరము వినినప్పుడు, తాను మరల యెరూషలేము చూడజాలనని ఆ క్షణముననే గ్రహించియుండును. ఆ డెబ్బది సంవత్సరముల మాట వెంటనే, క్షేమమును నిరీక్షణయునుగూర్చిన 11వ వచనము వచ్చుచున్నది. మఱియు నచ్చట నున్న మీరు అను మాట ఒక్కరి నుద్దేశించినది కాదు, జనమంతటిని ఉద్దేశించినది. నాకు ఈ యేడు ఏమి దొరకును అను ప్రశ్నకు అది సమాధానము కాదు. మిమ్మును మఱచిపోతినా అను ప్రశ్నకు సమాధానము.

ఇట్లు చదివినయెడల వాగ్దానము చిన్నబోయెనని కొందఱికి తోచవచ్చును. నా కట్లు తోచుటలేదు. సంవత్సరములో తీరవలసిన వాగ్దానమైనచో అది డిసెంబరు మాసాంతమున మాసిపోవును. ఇది తల్లి మరణించినను మరణింపని వాగ్దానము. ఆమె నాటిన తోట ఫలములను మనుమలు తిందురు. ఆమె నేర్పిన ప్రార్థనను వారు యెరూషలేమునకు కొనిపోవుదురు. నీ కష్టము తీరకపోవుట నీయందలి దోషమునకు గురుతు కాదు. ఆ చెఱలో నున్న పదివేలమందిలో ఎందఱో భక్తులు తమ జీవితకాలములో విడుదల చూడలేదు. అయినను దేవుడు వారిని గూర్చి తలంచినది క్షేమమే. అంతవఱకు ఏమి చేయవలెనో 12, 13 వచనములు చెప్పుచున్నవి: ప్రార్థింపుడు, నేను విందును, పూర్ణహృదయముతో వెదకుడు, నేను దొరకుదును అనునది వాటి భావము. ఊరు దొరకకముందే దేవుడు దొరకును. దేవాలయము లేని బబులోనులోనే ఆయన దొరకును.

ఈ యుత్తరమును చక్కగా చదివినవా డొకని కథయు బైబిలులోనే యున్నది. బాల్యమున చెఱకు పోయిన దానియేలు వృద్ధుడైన తరువాత యిర్మీయా వ్రాతలు చదివి డెబ్బది సంవత్సరముల సంగతి గ్రహించెనని దానియేలు 9వ అధ్యాయము చెప్పుచున్నది. గ్రహించి యేమి చేసెను? గడువు వచ్చినదిగదా యని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. గోనెపట్ట కట్టుకొని, ఉపవాసముండి, తన పాపమును తన జనుల పాపమును ఒప్పుకొని ప్రార్థించెను. వాక్యము చదువుట ప్రార్థనకు దారి తీయవలెను. వాగ్దానము మోకాళ్లమీదికి తేవలెను. క్రీ.పూ. 538లో కోరెషు రాజు యూదులు తిరిగి పోవచ్చునని ఆజ్ఞ యిచ్చెను. యిర్మీయా పలికిన మాట నెరవేరుటకే అట్లు జరిగెనని ఎజ్రా గ్రంథము మొదటి వచనములోనే వ్రాయబడెను.

కావున, సోదరీమణులారా, మీ కార్డును పాఱవేయకుడు. దానిమీది వచనము ఏ అధ్యాయములోనిదో చూచి, ఆ అధ్యాయమంతయు చదువుడు. చదువునప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో పలికిరి? దీనిలో దేవుని స్వభావ మెట్లు కనబడుచున్నది? దీనినిబట్టి ఈ దినము, ఈ ఇంట, నేను చేయవలసిన పని యేమి? మూడవ ప్రశ్నకు జవాబు చిన్నదిగా నుండనిండు. కోడలితో మెల్లగా మాటలాడుట, తీసికొనిన అప్పులో కొంతైనను తీర్చుట, మంచముపట్టిన పొరుగామెకు గంజి కాచి యిచ్చుట, ఇవి చాలును. పొయ్యి వెలిగింపకముందు పావుగంట దొరకనిచో, మధ్యాహ్నము అంట్లు తోమిన పిమ్మట చదువుడు. చదువురాని అత్తగారు ఇంటనున్నయెడల ఆమె వినునట్లు బిగ్గఱగా చదువుడు; మీ పఠన మిద్దఱికి ఆహారమగును.

ఈ మాసమునకు పఠనక్రమము:

మొదటి వారము: 2 రాజులు 24, యిర్మీయా 27, 28.
రెండవ వారము: యిర్మీయా 29. ముప్పదిరెండు వచనములను ప్రతిదినమును మొదటినుండి తుదవఱకు.
మూడవ వారము: 137వ కీర్తన, యిర్మీయా 30, 31.
నాలుగవ వారము: దానియేలు 9, ఎజ్రా 1, 126వ కీర్తన.

ప్రార్థన: తండ్రీ, మేము కోరిన యూరిలో కాక నీవుంచిన యూరిలో మమ్మును నాటుము. ఇంపైన మాటకును నీ మాటకును గల భేదమును మాకు తెలుపుము. మా కన్నీటిని తృణీకరింపకుము. మేము చూడజాలని దినముల కొఱకు ఈ దినము విత్తనము వేయుటకు మా చేతులకు బల మిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.