జడేజా జైపూర్‌కు, దిగులు తిరుపతికి

2025 నవంబర్ 15, శనివారం. రవీంద్ర జడేజానూ శామ్ కరన్‌నూ రాజస్థాన్ రాయల్స్‌కు ఇచ్చి, బదులుగా సంజూ శాంసన్‌ను తెచ్చుకుంటున్నట్టు చెన్నై సూపర్ కింగ్స్ ప్రకటించింది. చేతులు మారిన ముగ్గురిలో ఒకరు గుజరాతీ, ఒకరు ఇంగ్లండు వాడు, ఒకరు మలయాళీ. తెలుగువాళ్ల ప్రస్తావనే లేని బేరమిది. అయినా తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా చిత్తూరు దాకా అభిమానులు సొంతింట్లో పంపకాలు జరిగినట్టు వాదించుకున్నారు. అదే రోజు హైదరాబాద్ జట్టు మహమ్మద్ షమీని లక్నోకు వదిలేసుకుంది. ఆ సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువే.

దీనికి కారణం తెలియాలంటే మ్యాపు చూస్తే చాలు. తిరుపతి నుంచి చెన్నైకి దాదాపు 135 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు 550 పైమాటే. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా మద్రాసులో పని చూసుకోవచ్చు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ నేలలో చాలా భాగం ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. 1960లో తిరుత్తణి అటు పోయినా రాకపోకలు ఆగలేదు. పెద్ద జబ్బు చేస్తే వేలూరు సీఎంసీ, పెళ్లి చీరలకు కంచి, ఆటకు చెపాక్. కుప్పం వైపు వెళ్తే మాత్రం ఈ లెక్క మారుతుంది. అక్కడ బెంగళూరు దగ్గర కాబట్టి ఎర్ర జెర్సీలు ఎక్కువ. హైదరాబాద్‌ను తెలుగు జట్టన్న మమకారంతో పట్టుకున్నవాళ్లూ తిరుపతిలో ఉన్నారు గానీ, చెన్నైతో మ్యాచ్ పడిన రోజున వాళ్ల గొంతు పెద్దగా వినబడదు.

యాజమాన్యాల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2008లో చెన్నై జట్టును 9.1 కోట్ల డాలర్లకు కొన్న ఇండియా సిమెంట్స్‌కు కడప జిల్లా చిలమకూరులో, ఎర్రగుంట్లలో ఫ్యాక్టరీలున్నాయి. 2021లోనూ 2023లోనూ కప్పు గెలిచాక దాన్ని ముందుగా తీసుకెళ్లి పూజ చేయించింది చెన్నై టి.నగర్‌లోని తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడిలోనే. మరోవైపు హైదరాబాద్ సన్‌రైజర్స్ యజమాని సన్ టీవీ, చెన్నై కంపెనీ. పేరును బట్టి సొంతం, పరాయి అని తేల్చబోతే ఇక్కడ లెక్క తప్పుతుంది.

దగ్గరితనమొక్కటే ఈ అభిమానాన్ని నిలబెట్టలేదు. జట్టు మారకపోవడం అంతకంటే పెద్ద కారణం. మూడు నాలుగేళ్లకోసారి మెగా వేలం పెట్టి జట్లను విడగొట్టి మళ్లీ కట్టించడం ఐపీఎల్ పద్ధతి. అందరికీ ఒకే డబ్బు, ఉంచుకోవడానికి కొందరే ఆటగాళ్లు. 2011 వేలానికి ముందు చెన్నై ధోనీ, రైనా, విజయ్, మోర్కెల్‌లను అట్టిపెట్టుకుంది. 2009లో కప్పు గెలిచిన దక్కన్ చార్జర్స్ ఒక్కరినీ ఉంచుకోలేదు. కప్పు తెచ్చిన కెప్టెన్ గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు వెళ్లాడు, రోహిత్ శర్మ 20 లక్షల డాలర్లకు ముంబై పాలయ్యాడు. తర్వాత ముంబై అతని సారథ్యంలో ఐదు కప్పులు గెలిచింది. దక్కన్ చార్జర్స్ 2012లో మూతపడింది.

ఆ తర్వాత వచ్చిన సన్‌రైజర్స్‌కూ వదులుకునే అలవాటు పోలేదు. 2016లో 848 పరుగులు చేసి కప్పు అందించిన వార్నర్‌ను 2021లో సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ నుంచి దించి, ఏడాది చివరికి పంపేశారు. రషీద్ ఖాన్ కూడా అప్పుడే గుజరాత్ దారి పట్టాడు. హైదరాబాదీ సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు కొని, ఏడాదికే వదిలేస్తే బెంగళూరు అదే ధరకు ఎగరేసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ జెర్సీతో ఉప్పల్‌కు వచ్చి 17 పరుగులకు నాలుగు వికెట్లు తీసుకున్నప్పుడు సొంత ఊరివాళ్లు చప్పట్లు కొట్టాలో వద్దో తేల్చుకోలేని పరిస్థితి. ఈమధ్య మాత్రం హైదరాబాద్ దారి మార్చింది. 2024 అక్టోబరులో క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్‌లతో పాటు విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు ఉంచుకుంది. ఇది పదేళ్ల కిందటే జరిగి ఉంటే రాయలసీమ దక్షిణపు అంచున కాషాయం జెర్సీలు ఇంకాసిని కనబడేవేమో.

జడేజా కథలోనూ హైదరాబాద్ ఉంది. 2012 వేలంలో అతని కోసం చెన్నై, దక్కన్ చార్జర్స్ రెండూ 20 లక్షల డాలర్ల గరిష్ఠ పరిమితి దాకా వచ్చి ఆగాయి. రహస్య టైబ్రేకర్‌లో చెన్నై గెలిచింది. ఆ చీటీ అటూ ఇటూ అయి ఉంటే 2023 మే నెలలో అహ్మదాబాద్ ఫైనల్లో చివరి రెండు బంతులకు పది పరుగులు కావలసినప్పుడు మోహిత్ శర్మ బౌలింగ్‌లో ఆ సిక్సర్, ఆ ఫోరు ఎవరు కొట్టేవారో! గుంటూరు వాడు అంబటి రాయుడుకు అదే చివరి ఐపీఎల్ మ్యాచ్. ఎనిమిది బంతుల్లో 19 పరుగులు చేసి అతను ఐపీఎల్‌కు సెలవు చెప్పాడు. 2018లో 602 పరుగులు చేసి, ఆ ఏడాది ఫైనల్లో హైదరాబాద్ మీదే కప్పు గెలిచిన జట్టులో అతనున్నాడు. తిరుపతిలో పసుపు జెర్సీ వేసుకున్న వాణ్ని ‘మనోళ్లను కాదని పక్క రాష్ట్రం జట్టా?’ అని ఎవరైనా నిలదీస్తే, ఐదారేళ్ల పాటు రాయుడు పేరే జవాబుగా పనికొచ్చింది.

ఇంతకీ ఈ మార్పిడి మంచిదేనా? ఆట లెక్క చూస్తే మంచిదే. 2025లో చెన్నై పట్టికలో అట్టడుగున పదో స్థానంలో నిలిచింది. జట్టు చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. ఏప్రిల్ 25న చెపాక్‌లోనే హైదరాబాద్ చేతిలో ఓడింది, ఆ మైదానంలో చెన్నై మీద సన్‌రైజర్స్‌కు తొలి గెలుపది. ఈ మార్పిడి నాటికి ధోనీకి 44 ఏళ్లు. రుతురాజ్ మోచేతి గాయంతో సీజన్ మధ్యలో తప్పుకుంటే మళ్లీ ధోనీయే పగ్గాలు పట్టవలసి వచ్చింది. కీపింగ్, పైవరుస బ్యాటింగ్, అవసరమైతే నాయకత్వం... మూడూ చేయగల 31 ఏళ్ల శాంసన్ దొరకడం మామూలు విషయం కాదు. జడేజా 37కు వచ్చేశాడు. 18 కోట్ల జీతం తగ్గించుకుని 14 కోట్లకు వెళ్లాడు.

అభిమాని అనుమానంలోనూ పస ఉంది. చెపాక్ పిచ్ మీద చెన్నై గెలిచిందంటే స్పిన్నర్ల వల్లే. 9.75 కోట్లు పెట్టి ఇంటికి తెచ్చుకున్న అశ్విన్ ఒక్క సీజన్‌కే ఐపీఎల్‌కు వీడ్కోలు పలికాడు. కొద్ది నెలలకే జడేజా కూడా వెళ్లిపోయాడు. పాత దళంలో ప్రధాన స్పిన్నర్‌గా నూర్ అహ్మద్ మిగిలాడు. డిసెంబర్ 16న అబుదాబి వేలంలో చెన్నై ప్రశాంత్ వీర్, కార్తిక్ శర్మ అనే ఇద్దరు కుర్రాళ్లను చెరో 14.20 కోట్లకు కొంది. భారత జట్టుకు ఆడని ఆటగాళ్లకు అప్పటిదాకా అంత ధర ఎన్నడూ పలకలేదు. వీర్ ఎడమచేతి స్పిన్ ఆల్‌రౌండర్, అంటే జడేజా కుర్చీలోకే. చిత్రమేమిటంటే జడేజాకు రాజస్థాన్ ఇచ్చేది వీర్ ధర కంటే 20 లక్షలు తక్కువ. ఏళ్ల తరబడి అనుభవజ్ఞులనే నమ్ముకుని ‘డాడ్స్ ఆర్మీ’ అనిపించుకున్న జట్టు, 2025 ఓటమితో కంగారుపడి ఒక్కసారిగా గేరు మార్చినట్టే ఉంది ఇది.

చెన్నైది కేవలం మమకారమని నమ్మడమూ అమాయకత్వమే. ‘చిన్న తల’ రైనాను 2022 వేలంలో కొనలేదు, ఇంకే జట్టూ కొనలేదు. అదే జడేజా బ్యాటింగ్‌కు దిగితే, ధోనీ రావాలని అతను తొందరగా ఔటవ్వాలని కోరుకున్న ప్రేక్షకులున్న మైదానం చెపాక్. ఆ మాట జడేజాయే 2023లో నవ్వుతూ అన్నాడు. ఇప్పుడు కన్నీళ్లు పెట్టుకుంటున్నవారిలో ఆ కేకలు వేసినవాళ్లూ ఉంటారు.

అమెరికా బేస్‌బాల్ అభిమానులకు ఇలాంటి శీతాకాలపు మార్పిడులు వందేళ్లుగా అలవాటు. బోస్టన్ రెడ్ సాక్స్ తన పెద్ద హీరో బేబ్ రూత్‌ను 1919 చివర్లో న్యూయార్క్ యాంకీస్‌కు లక్ష డాలర్లకు అమ్మేసింది. ఆ తర్వాత బోస్టన్ వరల్డ్ సిరీస్ గెలవడానికి 2004 దాకా పట్టింది. అదే బోస్టన్ 2020లో మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు పంపితే, ఆ ఏడాదే వాళ్లు కప్పు కొట్టారు. అక్కడ చాలామంది ఆటగాళ్లను అడగకుండానే ఊరు మార్చేయవచ్చు. ఐపీఎల్‌లో మాత్రం ఆటగాడి అంగీకారం తప్పనిసరి. జడేజా తన మొదటి జట్టుకు తానే ఒప్పుకుని వెళ్లాడు కాబట్టి, యాజమాన్యాన్ని మాత్రమే తిట్టుకునే సౌకర్యం కూడా చెన్నై అభిమానికి లేకుండా పోయింది.

ఇంత గోలలో ఒక పేరు మరుగున పడింది. చెన్నై వదిలేసినవాళ్ల జాబితాలో పతిరణ, కాన్వే, రచిన్‌లతో పాటు గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ ఉన్నాడు. 2022లో ప్రపంచకప్ గెలిచిన అండర్-19 జట్టుకు అతను వైస్ కెప్టెన్. 2023 నుంచి చెన్నై బెంచీ మీద కూర్చుని, 2025 ఏప్రిల్ 14న లక్నోలో ఓపెనర్‌గా తొలి అవకాశం అందుకున్నాడు. 19 బంతుల్లో 27 కొట్టాడు. ఆ వేసవి తర్వాత ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో అతను ఆడింది రాయల్స్ ఆఫ్ రాయలసీమకు. ఆ లీగ్‌లోనూ ఇదే తంతు: 2022లో మొదలైన రాయలసీమ కింగ్స్ పేరు నాలుగో సీజన్‌కు కనబడలేదు. జడేజా కోసం వాదులాడుకున్న ఊళ్లో, రాయుడి తర్వాత పసుపు జెర్సీలో కనిపించిన ఈ తెలుగు బ్యాటర్ కోసం ఒక్క ఫ్లెక్సీ కూడా లేవలేదు. 30 లక్షల కుర్రాడి మీద బెంగ పెట్టుకునే తీరిక అభిమానికెక్కడిది, అతని చూపంతా శాంసన్ ఏ స్థానంలో దిగుతాడు, ధోనీ గ్లవ్స్ ఎప్పుడు విప్పుతాడు అన్నదాని మీదే ఉంది.