ముందు ఇంజక్షన్, ఆ తర్వాతే ప్రయాణం

కడుపుతో ఉన్న అమ్మాయికి ఫిట్స్ వస్తే ఇంట్లోవాళ్ళందరి నోటా ఒకటే మాట వస్తుంది. "పెద్దాసుపత్రికి తీసుకుపోదాం పదండి!" ఆ తొందరలో ఊళ్ళో ఉన్న ఆరోగ్య కేంద్రాన్ని దాటిపోతారు. యాభై, అరవై కిలోమీటర్లు ప్రయాణం చేసి మా దగ్గరకు వచ్చేసరికి దారిలోనే ఆమెకు మరో రెండు మూడుసార్లు ఫిట్స్ వచ్చి ఉంటాయి. కాన్పుల వార్డులో ఎన్నో ఏళ్ళు పనిచేసిన దానిగా ఈ పత్రిక ద్వారా మీకు ఒక్క మాట చెప్పాలనుకుంటున్నాను. మొదటి ఇంజక్షన్ మొదట చేరిన చోటే పడాలి. ప్రయాణం ఆ తర్వాతే.

మన పెద్దవాళ్ళు దీనిని గుర్రపువాతం అంటారు. కొందరు గాలి సోకిందంటారు. ఇది గాలీ కాదు, ధూళీ కాదు. గర్భం ఇరవై వారాలు దాటాక కొందరికి బి.పి. పెరుగుతుంది, మూత్రంలో ఆల్బుమిన్ పోతుంది. బి.పి. 140/90 ఉంటేనే జాగ్రత్తపడాలి. 160/110 చేరినా, బి.పి. ఎక్కువగా ఉండి విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి మొదలైనా అది ప్రమాద దశ. ఫిట్స్ ఎప్పుడైనా రావచ్చు. "కడుపుతో ఉన్నప్పుడు కాళ్ళకు నీరు రావడం మామూలేగా" అని సరిపెట్టుకోకండి. ముఖం, చేతులు కూడా వాచాయంటే ఆ రోజే బి.పి. చూపించండి.

నేను నర్సింగ్ చదువుకునే రోజుల్లో ఇటువంటి తల్లిని చీకటి గదిలో పడుకోబెట్టి, మత్తు ఇంజక్షన్లు ఇచ్చి కాపలా కాసేవాళ్ళం. 1995లో మన దేశంతో సహా అనేక దేశాల్లో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఫిట్స్ తిరిగి రాకుండా ఆపడంలో డయాజిపామ్, ఫెనిటోయిన్ కంటే మెగ్నీషియం సల్ఫేటే మేలని తేలింది. 2002లో 33 దేశాల్లో పదివేలమందికి పైగా తల్లులతో చేసిన మరో పరిశోధనలో, ఫిట్స్ రాకముందే ఈ మందు ఇస్తే అవి వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని తెలిసింది. ఇదేమీ ఖరీదైన మందు కాదు. మన పెద్దలకు తెలిసిన భేదిఉప్పే, ఇంజక్షన్‌గా శుద్ధి చేసి ఇస్తారు.

మరి ఎందుకు ఇవ్వకుండా పంపిస్తారు? భయం వల్ల. ఆ తప్పు నేనూ చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉండగా తొలికాన్పు అమ్మాయిని ఫిట్స్‌తో తీసుకొచ్చారు. డాక్టరు గారు లేరు. మందు బీరువాలోనే ఉంది. ఏమైనా అయితే మా మీదకు వస్తుందని చీటీ రాసి, జీపు ఎక్కించి పంపించేశాం. ఆ అమ్మాయి మళ్ళీ ఇంటికి రాలేదు. వాళ్ళమ్మ నా చేయి పట్టుకుని "సిస్టరమ్మా, ఏదైనా సూది వేయండమ్మా" అని అడగడం నాకు ఇప్పటికీ గుర్తే.

ఈనాడు ఆ భయానికి కారణం లేదు. మొదటి మోతాదు ఎ.ఎన్.ఎం. కూడా ఇవ్వవచ్చని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఒక్కొక్క పిరుదుకు ఐదు గ్రాముల చొప్పున మొత్తం పది గ్రాములు, లోతుగా కండకు ఇస్తారు. నొప్పి ఉంటుంది, కాదనను. ఈ మందుతో ఊపిరి మందగిస్తుందనే భయం ముఖ్యంగా మూత్రం సరిగా రాని తల్లికి మోతాదు మీద మోతాదు పడినప్పటిది. మొదటి మోతాదు ఆపడానికి అది కారణం కాకూడదు.

తర్వాతి మోతాదులు నాలుగు గంటలకొకసారి ఆసుపత్రిలో ఇస్తాం. ప్రతిసారీ ముందు మూడు చూస్తాం. మోకాలి మీద సుత్తితో తడితే కాలు కదులుతోందా, నిమిషానికి పదహారుసార్లైనా ఊపిరి తీస్తోందా, గంటకు 30 మిల్లీలీటర్లైనా మూత్రం వస్తోందా? అందుకే ఆ ట్యూబు, అందుకే ఆ సుత్తి. "పిల్లను ఊరికే ఎందుకు హింసిస్తారు" అని కోపపడకండి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే పెట్టుకుంటాం. బి.పి. తగ్గించే మందులు వేరేగా ఇస్తాం.

ఇక వార్డులో అసలు వాదన కాన్పు దగ్గర వస్తుంది. "ఏడో నెలే కదా, ఇంకో రెండు వారాలు ఆపండి", "అమావాస్య వెళ్ళనివ్వండి" అంటారు. ఈ జబ్బుకు మూలం మాయలో ఉంది. బిడ్డ, మాయ బయటికి వస్తేనే జబ్బు తగ్గుముఖం పడుతుంది. ఫిట్స్ రాకుండా, తల్లి నిలకడగా ఉండి 34 వారాలు నిండకపోతే, బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇచ్చి కొంతకాలం చూడవచ్చు. ఫిట్స్ వచ్చాక మాత్రం తల్లిని నిలకడకు తెచ్చి ఆలస్యం లేకుండా కాన్పు చేయాల్సిందే. అందరికీ ఆపరేషనే కానక్కరలేదు, నొప్పులు రప్పించి మామూలు కాన్పు చేయడమూ ఉంది.

కాన్పు అయిందని అంతా అయిపోయినట్లు కాదు. ఆ తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. అందుకే కాన్పు తర్వాత, లేదా చివరిసారి ఫిట్స్ వచ్చిన తర్వాత, ఏది ఆలస్యమైతే అక్కడినుంచి 24 గంటలు ఆ మందు ఇస్తాం. మూడో రోజే ఇంటికి పంపమని పట్టుపట్టకండి. ఇంటికెళ్ళాక కూడా ఆరు వారాలపాటు చెప్పిన తేదీలకు బి.పి. చూపించండి.

సంఘంలోని కుటుంబాలకు నా మనవి ఇదే. ఈ రాత్రికి ప్రార్థన చేసి పొద్దున్నే బయలుదేరుదామని ఆగకండి. ప్రార్థన అంబులెన్సులో కూడా చేయవచ్చు. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గాని, నీళ్ళు గాని పెట్టకండి. 108కి ఫోన్ చేయండి. దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో "మెగ్నీషియం ఇంజక్షన్ వేశారా?" అని నోరు తెరిచి అడగండి. వేస్తే ఎంత వేశారో, ఏ టైముకు వేశారో చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ చేతిలో ఉంటే తర్వాతి మోతాదు ఎప్పుడివ్వాలో మాకు వెంటనే తెలుస్తుంది.